ఆ బొమ్మలో ఉన్నది మందు కాదు

మా గరాజ్‌లో, దోసెపిండి గ్రైండర్ వచ్చిన అట్టపెట్టెకీ బియ్యం బస్తాలకీ మధ్య, నాదొక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో శవాలుంటాయి. కంగారుపడకండి, పుస్తకాల్లోనే. పాత హారర్ కామిక్స్. సంవత్సరంలో పదకొండు నెలలు ఆ డబ్బా మీద డంబెల్స్ పెట్టి ఉంచుతాను. డంబెల్స్ కూడా నేను ముట్టుకోను కాబట్టి డబ్బా భద్రంగా ఉంటుంది.

ఈ పిచ్చి నాకు ఇర్వింగ్‌లో పట్టుకుంది. అమెరికాకి కొత్తగా వచ్చిన రోజులు, నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఒక శనివారం దగ్గర్లోని ప్లేనోలో ఎవరింటి ముందో పాత సామాన్లు అమ్ముకునే గరాజ్ సేల్ పెట్టారంటే, కూర్చోడానికి ఒక కుర్చీ కొందామని వెళ్ళాను. కుర్చీ బాగానే ఉంది. దాని మీద ఒక అట్టపెట్టె ఉంది. అట్టపెట్టె కొనుక్కుని వచ్చేశాను. తర్వాత చాలాకాలం నేలమీదే కూర్చుని ఆ పుస్తకాలు చదివాను, రూమ్మేట్లు తిడుతూనే ఉన్నారు.

అవి మా నాన్న బడికి వెళ్ళే రోజుల్లో అచ్చయినవి. కాగితం అంచులు వేగిన అప్పడం రంగుకి వచ్చేశాయి, కొంచెం మొరటుగా తిప్పితే అప్పడంలాగే విరుగుతాయి. రాత్రి ఎప్పుడూ ఊదారంగులో ఉంటుంది. శవం ఎప్పుడూ ఆకుపచ్చగా ఉంటుంది. దగ్గరగా పెట్టుకుని చూస్తే రంగులన్నీ చుక్కలుగా విడిపోతాయి. చివరి పేజీల్లో కండలు పెంచే కోర్సులు, గోడల్లోంచి చూసే కళ్ళజోళ్ళు అమ్ముతుంటారు. కథల్లో ఒక పద్ధతి ఉంది, అదే నాకు మహా ఇష్టం. తప్పు చేసినవాడు ఏడెనిమిది పేజీలు తిరిగేసరికి తగిన శాస్తి అనుభవిస్తాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో బతుకుతున్నవాడికి ఆ సుఖం ఎలాంటిదో మీకు తెలియదు. నేను పట్టుకున్న తప్పుల్లో సగం ఇప్పటికీ ఎవరి ప్రాణమూ తీయకుండా, ఎవరి చేతా దిద్దబడకుండా హాయిగా ఉన్నాయి.

ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాక దీనికొక ఆచారం ఏర్పడింది. అక్టోబరు వచ్చినా మా ఊళ్ళో ఎండ తగ్గదు. గుమ్మాల ముందు పెట్టిన గుమ్మడికాయలు దెయ్యాల పండగ హాలోవీన్ రాకముందే మెత్తబడిపోతాయి. అయినా ఒకరోజు పొద్దున్నే వీధిలో ఎవరో ఒకరి లాన్ మీద ఇంటికప్పంత ఎత్తు ప్లాస్టిక్ అస్థిపంజరం లేచి నిలబడుతుంది. ఆ రోజు నేను డబ్బా మూత తీస్తాను. నా భార్య పెట్టిన షరతు ఒక్కటే, ఆ పుస్తకాలు గరాజ్ దాటి ఇంట్లోకి రాకూడదు. నేను చదివి లోపలికొస్తుంటే, "శ్మశానం నుంచి వస్తున్నావ్, కాళ్ళు కడుక్కుని రా" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నేను నిజంగానే కాళ్ళు కడుక్కునేవాణ్ణి, ఆవిణ్ణి ఇంకాస్త నవ్వించడానికి.

పోయినేడాది ఆ హాస్యం ఆడుకోవడానికి వీల్లేకపోయింది. ఫిబ్రవరిలో మా మామగారు పోయారు. పొద్దున్న టిఫిన్ తిని పడుకున్నాయన మళ్ళీ లేవలేదు. గుండెపోటు అన్నారు. మేం వెళ్ళి, కార్యక్రమాలన్నీ అయ్యాక నేను ముందు వచ్చేశాను. వేసవిలో నా భార్య మళ్ళీ వెళ్ళి వాళ్ళమ్మని మా ఇంటికి తీసుకొచ్చింది.

మా అత్తయ్య గురించి చెప్పాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఆవిడ నాతో నేరుగా మాట్లాడింది లేదు. కోపం కాదు, మర్యాద. అల్లుడి ఎదుట కూర్చోకూడదు, అల్లుడితో ఎదురుగా మాట్లాడకూడదు, వాళ్ళింట్లో అంతే. ఫోన్‌లో మామగారితో నేను మాట్లాడుతుంటే పక్కనుంచి, "అల్లుడిగారికి గోంగూర పచ్చడి పంపిస్తున్నానని చెప్పండి" అని ఆవిడ గొంతు వినిపించేది. నాకు స్పష్టంగా వినపడినా మామగారు మళ్ళీ చెప్పేవారు. "చాలా సంతోషం అని చెప్పండి" అని నేను ఆయనతో అనేవాణ్ణి. ఆవిడకీ వినిపించేది. ఆయన మళ్ళీ చెప్పేవారు. ఇప్పుడు ఆ మధ్యలో మనిషి లేరు. పని చేసుకునే గదిలోంచి నేను మంచినీళ్ళకి బయటికొస్తే, సోఫాలో కూర్చున్న ఆవిడ లేచి నిలబడేది. పెద్దావిణ్ణి అన్నిసార్లు లేపడం ఇష్టంలేక నేను నీళ్ళు తాగడం తగ్గించాను.

ఆ ఏడు పండగలు చేసుకోకూడదని నా భార్య నిర్ణయించింది. ఆడపిల్లకి మూడు రోజులే మైల, మీ ఇంటికి ఏటిసూతకం అంటదు అని పురోహితుడు చెప్పాడు. "పోయింది మా నాన్న. మూడు రోజులేంటి?" అంది. చవితికి వినాయకుణ్ణి తేలేదు, దసరాకి గుమ్మానికి మామిడాకులు కట్టలేదు. అక్కడిదాకా ఎవరికీ సందేహం రాలేదు. అక్టోబరు మొదట్లో మా అమ్మాయికి వచ్చింది. అది ఆరో క్లాసు.

"మమ్మీ, హాలోవీన్ మన పండగ కాదు కదా. సో, అది కౌంట్ అవుతుందా?"

నా భార్య గరిటె పక్కన పెట్టి నిజంగానే ఆలోచించింది. "కొత్త బట్టలు వేసుకుంటావా?"

"కాస్ట్యూమ్. యా."

"ఊళ్ళోవాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళి స్వీట్లు తెచ్చుకుంటావా?"

"క్యాండీ. యా."

"అయితే పండగే."

ఆ రోజు మా వరండా లైటు వెలిగించకూడదని అనుకున్నాం. ఇక్కడ పిల్లలకి అదే గుర్తు, లైటు లేని ఇంటి బెల్ కొట్టరు. అమ్మాయి మొహం మాడ్చుకుని పైకి వెళ్ళిపోయింది. అప్పుడు నేను, నన్నెవరూ అడగకపోయినా, పెద్దమనిషిలా మొహం పెట్టి, "నేనూ ఈసారి ఆ డబ్బా తీయను" అన్నాను. నా భార్య నా చేయి నొక్కింది. ఆ నొక్కడం ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది, ఎందుకంటే ఎదురింటివాళ్ళ అస్థిపంజరం లేచేసరికి నేను డబ్బా తీశాను.

మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో. నా భార్య ప్లేనోలో ఆఫీస్‌లో ఉండేది, అమ్మాయి స్కూల్లో ఉండేది. కార్ డ్రైవ్‌వేలో ఉండటంతో గరాజ్ ఖాళీ. షట్టర్ సగం ఎత్తి, క్యాంపింగ్ కుర్చీ వేసుకుని, సాలెగూళ్ళూ సమాధులూ ఊదారంగు రాత్రుళ్ళూ తిప్పుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆనందించాను, దాచడమెందుకు. ఆ పాత కాగితం వాసన పీల్చినప్పుడల్లా లోపల ఏదో సడలేది. వెంటనే సిగ్గేసేది. గోడకి అవతల ఒక మనిషి నిజంగా భర్తని పోగొట్టుకుని, ఓవెన్ మీద గడియారం కేసి చూస్తూ కూర్చుని ఉంది. ఇవతల నేను బొమ్మ శవాలు చూసి ముచ్చటపడుతున్నాను. సిగ్గేసినా పేజీ మాత్రం తిప్పేవాణ్ణి.

అత్తయ్యకి డ్రయ్యర్ మీద నమ్మకం లేదు. పెరట్లో బట్టలు ఆరేయకూడదని మా కాలనీ రూలు. అందుకని ఆవిడ చీరల కోసం గరాజ్‌లో ఒక తాడు కట్టి ఇచ్చాను. ఆ సంగతి మర్చిపోవడం నా బుద్ధితక్కువ. ఒకరోజు తడిచీర చేతిమీద వేసుకుని ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. నేను గభాల్న లేచాను. ఆవిడ ఆగిపోయింది. ఒళ్ళోంచి పుస్తకం జారి, నా కాలికి తగిలి, తెరుచుకుని పడింది.

నేను వంగేలోపే ఆవిడ వంగి తీసింది. కింద పడ్డ పుస్తకం, పైగా కాలు తగిలింది కదా, రెండు కళ్ళకీ అద్దుకుంది. ఆ పేజీలో ఒక ఆకుపచ్చ శవం సమాధి రాయి పక్కకి తోసి బయటికి పాకుతోంది.

ఆవిడ పుస్తకం ఇచ్చేయకుండా బొమ్మకేసి చూసింది.

"ఈయన పోయాడా?" అంది. నాతో ఆవిడ నేరుగా అన్న మొదటి మాట అదే.

"అవునండీ."

"మరి లేస్తున్నాడే?"

"ఇవి కథలు అత్తయ్యా. పోయినవాళ్ళు లేచి వస్తుంటారు."

ఆవిడ బొమ్మలో సమాధి రాయి మీద వేలు పెట్టింది. "వీళ్ళు పూడ్చిపెడతారు కదా. లేవడానికి ఒళ్ళుంటుంది" అంది. తర్వాత, "మనం ఏమీ మిగల్చం" అంది. నేను పుస్తకం కోసం చేయి చాపాను. ఆవిడ ఇవ్వలేదు. తడిచీర బియ్యం బస్తా మీద పెట్టి, నన్ను కూర్చోమన్నట్టు కుర్చీ చూపించి, పుస్తకం నా ఒళ్ళో పెట్టి, తను నిలబడే, "మొదట్నించీ చెప్పండి బాబూ" అంది.

అక్కడే పుస్తకం మూసేయాల్సింది. మీటింగ్ ఉందంటే సరిపోయేది. కానీ నాకు సంతోషం వేసింది. ఇన్నేళ్ళకి ఆవిడ నాతో మాట్లాడింది, నన్నొకటి అడిగింది. నీళ్ళకి కూడా బయటికి రాకుండా దాక్కున్న నేను ఆ మాటకి పొంగిపోయాను. చెప్పడం మొదలుపెట్టాను.

ఆ కథ ఇది. ఒక చిన్న ఊళ్ళో గడియారాలు బాగుచేసే ముసలాయన ఉంటాడు. వయసులో ఉన్న పెళ్ళాం, ఆ పెళ్ళానికి ఒక ప్రియుడు. ఇద్దరూ కలిసి ముసలాయన సూప్‌లో విషం పోస్తారు. పూడ్చిపెడతారు. ఆయన లేచి, ఊదారంగు రాత్రిలో నడుచుకుంటూ వచ్చి తలుపు తడతాడు. ఆవిడ తీయదు. ఆపైన జరిగేది మీరు ఊహించుకోగలరు. ఇదంతా నెలల కిందట భర్త పోయిన మా అత్తయ్యకి ఎలా చెప్పేది? ఒక్కో బొమ్మ దగ్గరా కథ మార్చుకుంటూ పోయాను.

"ఈ పక్కనున్నాయన ఎవరు?"

"ఆవిడ అన్నయ్య అత్తయ్యా."

కింది బొమ్మలో ఇద్దరూ కావలించుకుని ఉన్నారు. అత్తయ్య దానికేసి చూసి, "అన్నగారంటే అభిమానం ఎక్కువలా ఉంది" అంది. నేను పేజీ తిప్పాను.

ఆ పేజీలో ముసలాయన పెళ్ళాం సీసాలోంచి గిన్నెలోకి ఏదో వంచుతోంది. పక్క బొమ్మలో ముసలాయన ఛాతీ పట్టుకుని ఉన్నాడు.

"ఏం పోస్తోంది?"

"మందు."

"ఏం మందు? ఈయన గుండె పట్టుకున్నాడే."

మన ఇళ్ళలో ఎవరైనా ఛాతీ పట్టుకుంటే ముందు వచ్చే మాట ఒకటే. నాకూ అదే వచ్చింది. "అరగలేదు అత్తయ్యా. గ్యాస్. అందుకని మందిచ్చింది."

ఆవిడ చేయి చీర మీద ఆగిపోయింది. "మందిచ్చాక పోయాడా?"

"అవునండీ. వయసైపోయింది కదా, పోయాడు."

"తర్వాత ఇంటికొచ్చాడా?"

"ఇంటిమీద బెంగ. చూసిపోదామని వచ్చాడు."

తలుపు తడుతున్న బొమ్మని ఆవిడ చాలాసేపు చూసింది. ఆ గీసినవాడెవడో మహా పనిమంతుడు. ఆ కళ్ళు పేజీలోంచి బయటికొచ్చేలా ఉన్నాయి. "కాదు బాబూ. కోపంగా వచ్చాడు" అని, చీర తీసుకుని తాడుమీద ఆరేసి, ముడతలు సరిచేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను మిగతా పేజీలు చదువుకుని, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎంత చక్కగా సర్ది చెప్పానో అని కాస్త మురిసిపోయాను కూడా.

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం తినలేదు. ఏదో ఉపవాసం అనుకున్నాను. ఆ వారంలో అమ్మాయికి దగ్గు వస్తే, చేతికి అందేంత దూరంలో సిరప్ ఉన్నా, "మీ అమ్మ వచ్చాక వేస్తుంది, నేను వెయ్యను" అంది. అప్పుడూ నాకు వెలగలేదు.

ఒక సాయంత్రం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాం. కూరగాయలు కార్‌లో పెట్టాక నా భార్య ఇంజిన్ స్టార్ట్ చేయలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి, "అమ్మ బీపీ మాత్రలు వేసుకోవట్లేదు. రోజుకో గడి ఉన్న ఆ డబ్బాలో వారం మాత్రలూ అలాగే ఉన్నాయి" అంది.

"మర్చిపోయిందేమో."

"మర్చిపోలేదు. ఇవాళ గట్టిగా అడిగితే చెప్పింది. ఆ రోజు పొద్దున నాన్న ఛాతీలో బరువుగా ఉందన్నారంట. అమ్మ గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోమందంట. నేనే చంపాను అంటోంది. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఇప్పుడు ఉన్నట్టుండి, మీ నాన్న నామీద కోపంగా ఉన్నారు, మొహం చూశాను అంటోంది. ఎక్కడ చూసిందిరా బాబూ? కల వచ్చిందా అంటే కాదంటోంది." ఆమె ఏడుస్తోంది. "డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేశా. ఎవరైనా ఏమైనా అన్నారా? నీకేమైనా తెలుసా?"

అరగలేదు, గ్యాస్, మందిచ్చింది, పోయాడు. అన్నీ నా నోటితో, నేనే, బొమ్మ చూపించి మరీ చెప్పాను. ఆవిడ ఎవరికీ చెప్పుకోకుండా మోస్తున్నదాన్ని పుస్తకంలో అచ్చేసి చూపించినట్టయింది. ఆ మాట అక్కడే, ఆ పార్కింగ్ లాట్‌లో, చెప్పేయాలి. చెబితే డబ్బా తీశానని తెలుస్తుంది. నా చేయి నొక్కిన మనిషికి తెలుస్తుంది.

"ఏమో" అన్నాను.

ఇంటికొచ్చేదాకా కొత్తిమీర కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. అత్తయ్య లేచి నిలబడితే తల తిప్పుకునేవాణ్ణి. నా భార్య రోజూ తనే మాత్ర చేతిలో పెట్టేది. ఆవిడ గ్లాసు ఎత్తేది. తర్వాత ఆ మాత్ర సోఫా దిండు కింద దొరికేది. ఒకసారి నేనే చూసి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ అక్కడే పెట్టాను. ఆ పని ఎందుకు చేశానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నన్ను నేను ఛీ అనుకున్న సందర్భాల్లో అది మొదటిది.

హాలోవీన్ రోజు మధ్యాహ్నం ఆవిడ ఎక్కడా కనిపించలేదు. గరాజ్ తలుపు తీస్తే అక్కడ ఉంది. క్యాంపింగ్ కుర్చీలో కూర్చుని ఉంది. డంబెల్స్ కింద పెట్టి, డబ్బా మూత తీసి, ఆ పుస్తకమే వెతికి తీసుకుంది. ఒళ్ళో ఆ తలుపు తట్టే బొమ్మ. నన్ను చూసి ఈసారి లేవలేదు.

నేను ఎదురుగా బియ్యం బస్తా మీద కూర్చున్నాను. "అత్తయ్యా, ఆ బొమ్మలో ఉన్నది మందు కాదు. విషం."

ఆవిడ నాకేసి చూసింది.

"ఆవిడ కావాలని పోసింది. ఆ పక్కనున్నవాడు అన్నయ్య కాదు, ఆవిడకి... ఇద్దరూ కలిసి చంపారు. అందుకే ఆయన కోపంగా వచ్చాడు. గ్యాస్ కాదు, ఏమీ కాదు. అదంతా నేను కల్పించి చెప్పాను."

"అన్నయ్య కాదని అప్పుడే అనుకున్నాను" అంది. "మందు మాత్రం నమ్మాను."

"గ్యాస్ మాత్రతో ఎవరూ పోరు అత్తయ్యా. మామయ్యగారిది గుండెపోటు."

"తెలుసు బాబూ. మాత్రతో పోలేదు. మాత్రిచ్చి పడుకోమన్నాను. ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు." పేజీ మీద అరచెయ్యి పెట్టింది, బొమ్మలో మొహం కనపడకుండా. "మీరెందుకు మందని చెప్పారు?"

"మీరు బాధపడతారని."

"ఆయనా అంతే. ఆటో పిలవనా అంటే, గ్యాసేలే, నువ్వు కంగారు పడకు అన్నారు. కంగారు పడతానని ఆయన. బాధపడతానని మీరు." కోపంగా అనలేదు. చీర ఆరేసేటప్పుడు మాట్లాడినట్టే అంది. "నాకు నిజం చెబితే ఏమవుతుందనుకుంటారు బాబూ మీరందరూ?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్షమించండి అన్నాను. ఆ మాట ఆవిడకి ఎక్కడ తగిలిందో తెలియదు, తగలలేదేమో కూడా. కాసేపటికి పుస్తకం మూసి, కళ్ళకద్దుకోకుండానే నా చేతికిచ్చింది. లోపలికి వచ్చి మాత్రల డబ్బా తెరిచి, "ఇవాళ్టిది ఏ గడి?" అని అడిగింది. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి రావు. నేను వేలు పెట్టి చూపించాను. మాత్ర నోట్లో వేసుకుని, నేను చూస్తుండగా మింగి, గ్లాసు కడిగి బోర్లించింది.

నా భార్య ఆఫీస్ నుంచి రాగానే ఆమెకీ చెప్పాను. చెప్పులు కూడా విడవలేదు, కార్ తాళాలు చేతిలోనే ఉన్నాయి. డబ్బా గురించి గానీ కామిక్స్ గురించి గానీ ఒక్క మాట అనలేదు. "కార్‌లో 'ఏమో' అన్నావ్ నువ్వు" అంది. అంతే. అప్పటినుంచి ఆ డబ్బా ప్రసక్తి మా మధ్య రాలేదు. శ్మశానం, కాళ్ళు కడుక్కోవడం, ఆ హాస్యం కూడా మళ్ళీ రాలేదు.

చీకటి పడుతుండగా వీధిలో పిల్లల అరుపులు మొదలయ్యాయి. మా అమ్మాయి పైగదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉంది. మేం ఇద్దరం వంటింట్లో ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పప్పు పోపు పెడుతున్నాం. ముందుగదిలో టక్కుమని స్విచ్ శబ్దం వినిపించింది. వెళ్ళి చూస్తే వరండా లైటు వెలుగుతోంది. అత్తయ్య డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ ఒకటి లాక్కొచ్చి గుమ్మం పక్కన వేసుకుని కూర్చుంది.

"అమ్మా, ఈ ఏడాది వద్దనుకున్నాం కదా" అంది నా భార్య.

"మీరు పండగ చేసుకోకండి. తలుపు కొట్టినవాళ్ళకి తీయకపోవడం ఏంటి? ఆ మనిషి అంతసేపు తలుపు కొడితే ఆవిడ తీయలేదు." నా భార్యకి ఆ ఆవిడ ఎవరో అర్థమైంది, నాకేసి చూసింది. "పిల్లని కూడా పంపండి. స్కూల్ నుంచి వచ్చిందగ్గర్నుంచీ బువ్వ తినకుండా కూర్చుంది."

మా ఇంట్లో చాక్లెట్లు లేవు. నేను కార్ తీసి వీధి చివర కొట్టుకి వెళ్ళి, మిగిలిపోయిన సంచులు దొరికినన్ని పట్టుకొచ్చాను. అమ్మాయి పాత భరతనాట్యం డ్రెస్ మీద నల్ల దుప్పటి కప్పుకుని ఏమిటో తనకే తెలియని వేషంతో పరిగెత్తింది. అత్తయ్య స్టీల్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, బెల్ మోగినప్పుడల్లా లేచి తీసింది. దెయ్యాలొచ్చాయి, మంత్రగత్తెలొచ్చాయి, నెత్తురు కారుతున్న మొహాలొచ్చాయి. ఒక్కరికీ భయపడలేదు. ఎముకల చొక్కా వేసుకున్న ఒక చిన్నవాడి దోసిట్లో దోసెడు పోసి, ముసుగు కింద మొహం కనపడేదాకా వంగి చూసింది. వాడు థాంక్యూ అని పారిపోయాడు. పక్కనే మెట్టు మీద కూర్చున్న నాకు, ప్రతిసారీ ఆవిడ ఎవరి మొహం కోసం వంగుతోందో తెలుస్తూనే ఉంది. ఆ వెతుకులాట నేను పెట్టిందే.

వీధి సద్దుమణిగింది. అమ్మాయి సంచితో వచ్చి పైకి వెళ్ళింది. ఎదురింట్లో లైటు ఆర్పేశారు. నేను లేచి స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఉంచండి బాబూ."

"ఇంక ఎవరూ రారు అత్తయ్యా."

ఆవిడ గిన్నెలో అడుగున మిగిలినవాటిని వేళ్ళతో కదిపింది. వీధికేసే చూస్తూ, "నిజం చెప్పండి. మన వాళ్ళు వస్తారా?" అంది.

వస్తారని చెప్పాలనిపించింది. కోపం పోయాక వస్తారని, మిమ్మల్ని చూసి పోతారని, ఎంత చక్కటి కథైనా ఆ నిమిషంలో నా నాలుక మీద ఉంది.

"రారు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ తలూపింది. "ఆ. రారు" అంది. తర్వాత కుర్చీ కొంచెం పక్కకి జరిపి, నాకు కూర్చోడానికి గుమ్మం దగ్గర చోటు చూపించింది. నేను కూర్చున్నాను. ఇద్దరం తలుపు తీసే ఉంచి, ఆ లైటు కింద చాలాసేపు కూర్చున్నాం.